మంత్రిని పోనీ, ఏనుగు చూసుకుంటాది



పోయిన ఆదివారం హాలు వరండాలో పెట్టిన చదరంగం చిక్కుకు జవాబు రాయమని చానామంది అడిగినారు. ఆ రోజు ఒక వాదం నడిచిందని విని, "ఏంది కత?" అని ఇంకొందరు ఫోన్లు చేసినారు. చిక్కు, వాదం రెండూ ఒకదాన్ని పట్టుకొని ఒకటి ఉన్నాయి. అందుకని రెండూ కలిపే రాస్తున్నాం. పొడుగైన రాతే. కాఫీ పక్కన పెట్టుకోండి.

మేం అంటే ఎవరో కొత్తగా చేరినవాళ్ళకు తెలియదు. ఆదివారం పొద్దున వరండాలో బల్ల వేసి, గళ్ళ బట్ట పరిచి, పావులు సర్దే ముసలోళ్ళం. రైల్వేలో గుమాస్తాలుగా చేరి, గుమాస్తాలుగానే రిటైరైనోళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆఫీసు ఫైల్లో ఇంగ్లీషు, ఇట్లా మూడు భాషల మధ్య పెరంబూరులో పెరిగినోళ్ళం. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది రిటైరైనాక, ఇదే హాల్లో, పిలకాయల పక్కన కూర్చొని.

ముందు చిక్కు చెప్తాం. ఇంట్లో బల్ల ఉంటే పావులు పెట్టుకొని చదవండి, లేకపోతే కాగితం మీద గళ్ళు గీసుకోండి. తెల్ల వైపు: రాజు సి1, మంత్రి బి3, ఏనుగు డి1, శకటు జి5, బంట్లు ఎ2, బి2, సి2, ఈ4, ఎఫ్2, జి2, హెచ్2. నల్ల వైపు: రాజు ఈ8, మంత్రి ఈ6, ఏనుగు హెచ్8, శకటు ఎఫ్8, గుర్రం డి7, బంట్లు ఎ7, ఈ5, ఎఫ్7, జి7, హెచ్7. ఎత్తు తెల్లవాళ్ళది. రెండు ఎత్తుల్లో ఆటకట్టు చెయ్యాల.

ఇది మేం కల్పించింది కాదు. 1858లో పారిస్‌లో, ఆపెరా జరుగుతుండగా ఒక బాల్కనీ గదిలో ఆడిన ఆట ఇది. తెల్ల పావులతో ఆడింది పాల్ మార్ఫీ, అమెరికాలో న్యూ ఆర్లియన్స్ ఊరివాడు, అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ళు. నల్ల వైపు ఇద్దరు కలిసి ఆడినారు. ఒకరు బ్రన్స్‌విక్ డ్యూక్, ఇంకొకరు కౌంట్ ఇసువార్. ఇద్దరు దొరలు తల కలిపినా ఆట 17 ఎత్తుల్లో ముగిసింది. మనం పెట్టిన చిక్కు అందులో చివరి రెండు ఎత్తులు.

మా గుమాస్తా బుద్ధి ముందు లెక్క చూస్తుంది. పుస్తకాల్లో మంత్రికి 9, ఏనుగుకు 5, శకటుకు 3, గుర్రానికి 3, బంటుకు 1 అని విలువ కడతారు. అట్లా కూడితే తెల్లకు 24, నల్లకు 25. పైగా రెండు మంత్రులూ ఎదురెదురుగా ఒకే ఏటవాలు వరసలో నిలబడి ఉన్నాయి. తెల్ల ఊరికే కూర్చుంటే నల్ల మంత్రి వచ్చి తెల్ల మంత్రిని తింటాడు. అందుకని కోచింగుకు పొయ్యే మన పిలకాయలు చూడగానే, "ఎక్స్చేంజ్ చేసేద్దాం తాతా" అన్నారు. మంత్రికి మంత్రి ఇచ్చుకుంటే నల్ల ఎఫ్7 బంటుతో తింటాడు, ఆట ఇంకా నలభై ఎత్తులు సాగుతుంది, కట్టు మాత్రం ఉండదు.

ఈ లెక్కలో కనపడనిది ఒకటుంది. రైల్వేలో మస్టర్ రోల్ రాసినవాళ్ళకు తెలుస్తుంది. రోల్లో పదిమంది పేర్లుంటాయి, పనికాడ ఆరుగురుంటారు. నల్లవాడి హెచ్8 ఏనుగును, ఎఫ్8 శకటును చూడండి. ఆట మొదలైన కాడి నుంచి ఆ రెండూ కదిలింది లేదు. జీతం మాత్రం 5, 3 అని పడుతోంది. తెల్ల వైపేమో బంట్లు తప్ప కదలని పావంటూ లేదు. మూల ఏనుగులు రెండూ డి వరసకు వచ్చినాయి, ఒకటి ఆ వరసలోనే పోయింది, రెండోది ఇప్పుడు డి1లో నిలబడి ఉంది. రాజును కాసేవాళ్ళు ఎందరు, రాజు మీదికి వచ్చేవాళ్ళు ఎందరు అని ఎంచితే 25 కంటే 24 పెద్దది.

ఇంక ఆదివారం సంగతి.

పదిన్నర దాటింది. ఎవరికీ తెగలేదు. గుమ్మం పక్కన పేము కుర్చీలో ఒక అవ్వ కూర్చొని ఉన్నారు. ఎనభై దాటినారు. మనవరాలి తెలుగు తరగతి ముగిసేదాకా రోజూ ఆడనే కూర్చుంటారు, ఆటను చూస్తారని మాకెవరికీ తట్టలేదు. నెల్లూరు పక్క పల్లెలో పుట్టి, పదహారేళ్ళకు మన పెరంబూరు లోకో షాపు ఇంటికి కోడలుగా వచ్చినారు. బల్లను దూరం నుంచే చూసి, మెల్లగా అన్నారు:

"మంత్రిని పోనీ అబ్బయా, ఏనుగు చూసుకుంటాది."

వేలూరు నుంచి చుట్టంగా వచ్చిన బావగారు ఒకరు బల్ల దగ్గరుండి, "అట్లనా అవ్వా?" అంటూ జి5లో ఉన్న శకటును తీసి డి8లో పెట్టినారు. నల్ల రాజు దాన్ని తిని కూర్చున్నాడు. కట్టు లేదు, ఏమీ లేదు. "పాయె గదవ్వా" అన్నారు బావగారు.

అవ్వ నొసలు ముడిచినారు. "అది మంత్రా? అది శకటు గదా అబ్బయా! అది యాడుందో ఆడనే ఉండాల. అది కదిలితే ఇంకేముండాది?"

బావగారిని అనేదానికి లేదు. తమిళంలో ఆ పావు పేరు మందిరి. పెద్ద పావును రాణి అంటారు. తమిళ బడిలో చదివినోళ్ళందరికీ మందిరి అంటే రాజు పక్కన నిలబడి ఏటవాలుగా పొయ్యేదే. అవ్వ మంత్రి వేరు, బావగారి మందిరి వేరు. పలుకు ఒకటే, పావులు రెండు. పైగా ఈ చిక్కులో అది మామూలు తేడా కాదు. ఒక మంత్రిని ఇస్తే ఆట గెలుపు, ఇంకో మందిరిని ఇస్తే గెలుపు చేతిలోంచి జారిపోతుంది.

అవ్వ లేచి, కుర్చీ పట్టుకొని వచ్చి, బి3లో ఉన్న తెల్ల మంత్రిని తీసి నేరుగా బి8లో పెట్టినారు. నల్ల రాజుకు చెక్. వరండా అంతా, "అయ్యో, గుర్రం తినేస్తాది గదా!" అంది. అవ్వ, "తిననీ" అని తిరిగి పొయ్యి కూర్చున్నారు.

ఇప్పుడు నల్లవాడి గతి చూద్దాం. మంత్రి బి8 నుంచి ఈ8 రాజును పట్టింది. రాజు డి8కి పోలేడు, అక్కడా మంత్రి కన్ను, శకటు కన్ను రెండూ ఉన్నాయి. ఈ7కి పోలేడు, జి5 శకటు కాపు కాస్తోంది. ఎఫ్7లో సొంత బంటు, ఎఫ్8లో సొంత శకటు, డి7లో సొంత గుర్రం అడ్డం. మధ్యలో ఏదన్నా పెట్టి చెక్ ఆపుదామంటే ఈ6 మంత్రికి తన గుర్రమే అడ్డం. మిగిలింది ఒక్కటే ఎత్తు, డి7 గుర్రం పొయ్యి మంత్రిని తినాల. ఇష్టం ఉన్నా లేకపోయినా తినాల.

గుర్రం డి7 నుంచి కదిలింది, డి వరస కింది నుంచి పైదాకా తెరుచుకుంది. డి1 ఏనుగు డి8కి వచ్చింది. రాజు దాన్ని తినలేడు, జి5 శకటు దన్నుంది. పక్కకు పోలేడు. బి8కి పోయిన గుర్రం వెనక్కి వచ్చి అడ్డం నిలబడేదానికి గది లేదు. ఆటకట్టు. తెల్లకు మిగిలింది ఒక ఏనుగు, ఒక శకటు, బంట్లు. మన పాత లెక్కలో 15కు 25. ఓడింది 25.

అవ్వ 'అది ఆడనే ఉండాల' అన్న శకటు ఇదే. అది లేకపోతే డి8కి వచ్చిన ఏనుగును రాజు నోట్లో వేసుకుంటాడు.

ఇందులో మాకు బాగా నచ్చింది ఇంకొకటుంది, మంత్రిని ఇవ్వడం కంటే కూడా. ఆ నల్ల గుర్రం దారి చూడండి. అది జి8లో పుట్టింది. ఎఫ్6కి వచ్చి నిలబడింది. అది అక్కడున్నంతసేపు జి5 శకటుకు డి8 కనపడలేదు, గుర్రమే అడ్డం. మార్ఫీ పదిహేనో ఎత్తులో ఒక శకటును డి7లో పడేసి చెక్ చెప్పినాడు. ఎఫ్6 గుర్రం పొయ్యి దాన్ని తినింది. శకటు దారి తెరుచుకుంది. పదహారో ఎత్తులో మంత్రిని బి8లో పడేసినాడు. అదే గుర్రం పొయ్యి తినింది. ఏనుగు దారి తెరుచుకుంది. లెవెల్ క్రాసింగులో ఒకే గేటుమాన్‌తో రెండు గేట్లూ తీయించుకున్నట్టు. ఆ గుర్రం చేసిన తప్పేమీ లేదు, ఎదురుగా వచ్చిన పావును తినింది అంతే. తింటున్నంతసేపూ లాభమే అనిపించి ఉంటుంది.

అయినా మార్ఫీ పావులు ఊరికే పారబోయలేదు. పదో ఎత్తులో గుర్రాన్ని ఇచ్చి రెండు బంట్లు తీసుకున్నాడు, పదమూడో ఎత్తులో ఏనుగును ఇచ్చి ఒక గుర్రాన్ని తీసుకున్నాడు. ప్రతిసారీ తన ఇంకో పావును ఖాళీ అయిన చోటుకు తెచ్చుకున్నాడు. ఇచ్చింది పోయింది అని దిగులుపడే ఆట కాదది. అట్లాంటివాడు చిన్న వయసులోనే పెద్ద ఆటలు మానేసి, 1884లో నలభై ఏడేళ్ళకే పోయినాడు.

ఆట ముగిసింది, వాదం మొదలైంది.

మన సెక్రటరీ కుర్రాడు మంచోడు. "ఎందుకండీ ఈ గందరగోళం, అందరూ రాణి అందాం, లేకపోతే క్వీన్ అందాం" అన్నాడు. అవ్వకు కోపం వచ్చింది. "యుద్ధంలోకి ముందు రాణిని తోలతారా యాడన్నా?" అన్నారు. దానికి ఆ తొమ్మిదేళ్ళ మనవరాలే, "ఎందుకు తోలకూడదవ్వా? ఝాన్సీ రాణి పోలేదా?" అంది. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వినారు. వరండా అంతా నవ్వింది. నవ్వుతో తేలిపోయి ఉంటే ఇంత రాసేవాళ్ళం కాదు.

ఆ పిల్ల నాన్న ఒక మాట అన్నాడు. రెండేళ్ళుగా ఇంట్లో పాపను అవ్వతో ఆడనివ్వడం లేదంట. కోచింగులో పేర్లు వేరే, ఇంట్లో పేర్లు వేరే అయితే పిల్ల తికమక పడుతుందని. అవ్వకు ఆట నేర్పింది వాళ్ళ నాయన, అరుగు మీద సుద్దతో గళ్ళు గీసి, చింతగింజలు బంట్లుగా పెట్టి. ఆ మాట ఆదివారం దాకా ఆ ఇంట్లోనే ఎవరికీ తెలియదు. అవ్వ అడగనూ లేదు, చెప్పనూ లేదు.

కొడుకు మాటలో న్యాయం లేదని అనం. పోటీలకు పొయ్యే పిల్ల తను ఆడిన ఎత్తులన్నీ కాగితం మీద రాయాల. గడియారం తిరుగుతుంటుంది. అప్పుడు బుర్రలో ఒకే పేరు ఉండడం మంచిదని ఆయన భయం. పిల్ల మీద డబ్బు పెడుతున్నాడు, సెలవులు పెట్టి ఊరూరూ తిప్పుతున్నాడు. కానీ మాకు తెలిసిన రెండు మూడు సంగతులు ఆయనకు చెప్పినాం, ఇక్కడా చెప్తాం.

ప్రపంచ చదరంగ సమాఖ్య, ఫిడే అంటారు, దాని నియమాల్లోనే ఉంది: పావు పేరులో మొదటి అక్షరంతో ఎత్తు రాయాల, ఆ అక్షరం ఆటగాడు తన దేశంలో వాడుకలో ఉన్న పేరు నుంచి తీసుకోవచ్చు. ఇంగ్లీషోళ్ళు బిషప్ అనే పావును ఫ్రెంచివాళ్ళు ఫూ అంటారు, విదూషకుడని. జర్మనీలో దాన్ని పరుగెత్తేవాడు అంటారు. రష్యాలో ఏనుగు అంటారు, మన ఏనుగేమో మూలలో ఉంటుంది. అందరూ ఎవరి పేరుతో వాళ్ళు ఆడి, ప్రపంచమంతా తిరిగి గెలుచుకొని వస్తున్నారు.

అవ్వ మంత్రి మాట పల్లెటూరి మాట అనుకోవద్దు. ఈ ఆట మన దేశం నుంచి పర్షియాకు పోయినప్పుడు రాజు పక్కన ఉన్న పావు పేరు ఫర్జీన్, అంటే మంత్రే. అప్పట్లో దానికి బలం లేదు, ఏటవాలుగా ఒక్క గడి జరిగేది. పదిహేనో శతాబ్దం చివర్లో ఐరోపాలో దానికి ఇప్పుడున్న బలం ఇచ్చినారు, రాణి పేరుతోనే. రష్యావాళ్ళు మాత్రం ఈ రోజుకూ దాన్ని ఫెర్జ్ అంటారు, ఆ పాత మంత్రినే. తాల్, కార్పోవ్, కాస్పరోవ్ ఆడింది ఆ మాటతోనే. మన మద్రాసులో సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో తాల్ పేరు మీద చెస్ క్లబ్బు ఉండేది, ఆనంద్ చిన్నప్పుడు ఆడింది అక్కడే. ఆనంద్ నాయనగారు మన సదరన్ రైల్వేలో పెద్ద అధికారిగా పనిచేసినారు, ఆ మాట చెప్పుకోకపోతే మాకు తోచదు. ఆనంద్‌కు ఆట నేర్పింది మాత్రం వాళ్ళమ్మ, ఇంట్లోనే. ఆ అబ్బాయి ఇంట్లో నేర్చుకొని తికమక పడినట్టు ఎవరూ అనలేదు.

ఇంకొకటి. చతురంగం అంటే నాలుగు అంగాలు: ఏనుగు, రథం, గుర్రం, కాలిబంటు. మన తెలుగు పేర్లు వరసగా అనండి: ఏనుగు, శకటు, గుర్రం, బంటు. శకటు అంటే బండి. నాలుగూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇది తెలుగు గొప్ప అని చెప్పడానికి రాయడం లేదు. మందిరి అన్న తమిళ మాట కూడా మన మాటే, ఆ మాటతోనే బడి వెనక మామిడిచెట్టు కింద మేం ఆట నేర్చుకున్నాం. చెప్పొచ్చేది ఒకటే, అవ్వ నోట్లో ఉన్నది పాతకాలపు సరుకు కాదు, పనిచేసే సరుకు. మూడు తరాలు కూర్చున్న వరండాలో చిక్కు తెగ్గొట్టింది ఆమె ఒక్కరే.

2024 డిసెంబరు 12న సింగపూర్‌లో గుకేష్ ప్రపంచ విజేత అయినప్పుడు గుర్తుంది కదా. చెన్నైలో పుట్టిన తెలుగింటి పిల్లవాడు, పద్దెనిమిదేళ్ళు. డింగ్ లిరెన్ మీద ఏడున్నరకు ఆరున్నర. ఆ రాత్రి నుంచి తమిళులు మావాడంటే, తెలుగువాళ్ళు మావాడన్నారు. మన హాల్లో మాత్రం వాదం లేదు, మనకు రెండూ నిజమే కాబట్టి స్వీట్లు పంచుకున్నాం. ఆ స్వీట్లు తిన్న ఇళ్ళల్లోనే అవ్వకు, మనవరాలికి మధ్య బల్ల మూసి పెట్టి ఉందంటే కొంచెం ఆలోచించాల.

పాప నాన్న ఇంకా ఒప్పుకోలేదు. "పోటీ అయిపోనీండి, సెలవుల్లో చూద్దాం" అన్నాడు. మేం ఒత్తిడి చెయ్యలేదు. పిల్ల మాత్రం పోయేటప్పుడు, "అవ్వా, శకటు ఎందుకు కదలకూడదో ఇంకోసారి చెప్పు" అంటూ మెట్లు దిగింది.

వచ్చే నెల కమిటీ మీటింగులో చదరంగం బల్ల పక్కన గోడకు పెట్టే పటం సంగతి వస్తుంది. ఇంగ్లీషు పేర్లు మాత్రం వేస్తే చాలని ఒక మాట ఉంది. మూడు వరసలు వెయ్యాలని మేం అడుగుతాం: తెలుగు, తమిళం, ఇంగ్లీషు. ఒక పావు బొమ్మ పక్కన మంత్రి, రాణి, క్వీన్. ఇంకో బొమ్మ పక్కన శకటు, మందిరి, బిషప్. అచ్చు ఖర్చు మేమే పెట్టుకుంటాం. మీటింగుకు రాగలిగినవాళ్ళు వచ్చి చెయ్యెత్తండి.

అంతకు ముందు మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళను ఒక మాట అడిగి మాకు చెప్పండి. శకటు అని మేం రాస్తున్న పావును కొన్ని ఇళ్ళల్లో ఒంటె అంటారు. మీ ఇంట్లో ఏమనేవాళ్ళు, ఏ ఊరి పక్క నుంచి వచ్చిన ఇల్లు మీది? పటంలో అవి కూడా చిన్నక్షరాల్లో వేద్దాం.

వచ్చే ఆదివారం చిక్కు ఇది. తెల్ల: రాజు జి1, మంత్రి సి4, గుర్రం హెచ్6, బంట్లు ఎఫ్2, జి2, హెచ్2. నల్ల: రాజు హెచ్8, మంత్రి బి2, ఏనుగు డి8, బంట్లు జి7, హెచ్7. ఎత్తు తెల్లది, రెండు ఎత్తుల్లో ఆటకట్టు. పదిగంటలకు బల్ల వేస్తాం. అవ్వకు ముందే చూపించొద్దు.